మాటలు ఇండోనేషియావి, వాక్యం కొరియాది: మన ఇంటి పిల్లలకు ఏది సులువు?

ఆత్మకూరులో జూరాల నీళ్ల కింద వరి పండించే ఏ ఇంట్లోనైనా మూడు మాటలు మూడు వేర్వేరు చోట్ల వినిపిస్తాయి. కల్లంలో ఉన్నవి వడ్లు. మిల్లు నుంచి వచ్చినవి బియ్యం. దస్తర్‌ఖాన్ మీదికి వచ్చింది అన్నం. ఇంగ్లీషువాడికి ఈ మూడూ రైసే. అందుకే కొనుగోలు కేంద్రం కాగితాల మీద ఇంగ్లీషులో రాసేటప్పుడు 'ప్యాడీ' అనే మాట వాడాల్సి వస్తుంది. అది కూడా ఇంగ్లీషువాళ్ల సొంత మాట కాదు, మలయ్ భాష నుంచి తీసుకున్నది. మలయ్‌లో, దాని నుంచే పుట్టిన ఇండోనేషియన్ భాషలో 'పాడి' అంటే వడ్లు. మన పాడి పశువుల పాడి కాదు. బియ్యాన్ని వాళ్లు 'బెరస్' అంటారు, అన్నాన్ని 'నాసి' అంటారు. కొరియావాళ్లకూ మూడు మాటలున్నాయి. వడ్లు 'ప్యొ', బియ్యం 'సల్', అన్నం 'పప్'. పప్పు కాదు, అన్నమే.

ఇంకో సంగతి. మన దగ్గర ఎదురైన మనిషిని "అన్నం తిన్నవా?" అని అడిగితే అది తిండి లెక్క కాదు, పలకరింపు. ఇండోనేషియాలో "సుదా మాకన్?" అంటే "తిన్నారా?" అనే. కొరియాలో "పప్ మొగొస్సొయొ?" అన్నా అదే. అన్నం తినే మూడు దేశాలూ ఒకే మాటతో పలకరించుకుంటాయి.

ఈ రెండు భాషల ప్రస్తావన ఇప్పుడు మన ఇళ్లలోకి రెండు దారుల్లో వస్తున్నది. ఒకటి ఫోన్. ఇంటర్ చదివే పిల్లలు కొరియన్ సీరియళ్లు చూసి 'ఒప్పా', 'ఒన్ని' అంటున్నారు. రెండోది హజ్, ఉమ్రా. 2025 హజ్‌కు అన్ని దేశాల కంటే పెద్ద కోటా ఇండోనేషియాది, 2,21,000. భారత్‌కు 1,75,025. మక్కా, మదీనాలకు వెళ్లొచ్చిన పెద్దవాళ్లకు గుంపుగా, క్రమంగా నడిచే ఇండోనేషియా హాజీలు బాగా గుర్తుంటారు. చాలామందికి వాళ్లతో రెండు ముక్కలు మాట్లాడాలనిపించి కూడా ఉంటుంది.

ఇక పిల్లలు అడిగేది ఒక్కటే, ఏ భాష సులువు అని. ఇంటర్నెట్‌లో వెతికితే అందరూ చూపించేది అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ జాబితానే. దాని లెక్కన ఇండోనేషియన్‌కు సుమారు 900 గంటల క్లాసు చాలు, కొరియన్‌కు 2,200 గంటలు కావాలి. అంటే కొరియన్ రెండింతల కంటే ఎక్కువ కష్టం. కానీ ఆ లెక్క ఎవరి కోసం వేసింది? ఇంగ్లీషు తప్ప ఇంకోటి రాని అమెరికా ఉద్యోగుల కోసం. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు మాట్లాడే ఆత్మకూరు పిల్లకు ఆ లెక్క వర్తించదు. ఎందుకు వర్తించదో చూడాలంటే రెండు భాషలనూ విప్పి చూడాలి.

ముందు ఇండోనేషియన్. అక్కడి పార్లమెంటు పేరు 'దెవాన్ పెర్వకీలన్ రాక్యాత్'. వినగానే పరాయి భాష అనిపిస్తుంది. విడగొట్టి చూడండి. దెవాన్ అంటే దివాన్. పెర్వకీలన్ మధ్యలో ఉన్నది వకీల్. రాక్యాత్ అంటే రఇయ్యత్, అంటే ప్రజలు. అదే అరబీ మాట ఉర్దూ దారిలో మన దగ్గరికి వచ్చి 'రైతు' అయింది. ప్రజల ప్రతినిధుల సభ అని ఆ పేరుకు అర్థం. మూడు మాటల మూలాలూ మన మండల ఆఫీసులో, కోర్టులో, పొలంలో ఉన్నవే.

వారాల పేర్లు చూస్తే సెనిన్, సెలాస, రబు, కమిస్, జుమత్, సబ్తు. ఉర్దూలో మనం పీర్, మంగల్ అంటాం కాబట్టి శుక్రవారం ఒక్కటే వెంటనే తగులుతుంది. కానీ మద్రసాలో ఇస్నైన్, సలాసా, అర్బా, ఖమీస్ అని అరబీ లెక్క నేర్చుకున్న పిల్లలకు ఈ పేర్లు ఒక్క పూటలో వచ్చేస్తాయి. ఆదివారాన్ని మాత్రం ఎక్కువగా 'మింగు' అంటారు, అది పోర్చుగీసు దొమింగొ నుంచి వచ్చింది. కుర్సి, కితాబ్, వక్తు, దునియా, సబర్, సెహత్, దొఆ, మాఫ్ లాంటివి చెప్పనే అక్కర్లేదు. కొన్ని మాటలు వేషం మార్చుకున్నాయి. ఫికర్ అక్కడ 'పికిర్' అయింది, ఆలోచించడం అని. ఖబర్ 'కబర్' అయింది. "అపా కబర్?" అంటే "ఏం ఖబర్?", బాగున్నారా అని. ఫర్జ్ కాస్తా 'పెర్లు' అయి 'అవసరం' అనే మామూలు మాటగా తిరుగుతున్నది. ఈద్ రోజు వాళ్లు ఒకరికొకరు చెప్పుకునే మాట "మొహొన్ మాఫ్ లాహిర్ దాన్ బాతిన్". మొహొన్ అంటే కోరుకోవడం, దాన్ అంటే 'మరియు'. జాహిర్‌గానూ బాతిన్‌గానూ, అంటే బయటా లోపలా చేసిన తప్పులకు మాఫీ అడుగుతున్నాను అని.

ఇక్కడిదాకా ఉర్దూ వచ్చినవాళ్ల వంతు. ఇప్పుడు తెలుగు వచ్చినవాళ్ల వంతు. ప్రపంచంలో ముస్లింలు అత్యధికంగా ఉన్న దేశాల్లో ముందు వరుసలో ఉండే ఇండోనేషియాలో రంజాన్ రోజాను 'పువాస' అంటారు. అది సంస్కృతం 'ఉపవాస' నుంచి వచ్చిన మాట. సవాబ్‌ను 'పహల' అంటారు, అది 'ఫల'. గునాహ్‌ను 'దోస' అంటారు, అది 'దోష'. జన్నత్ 'సుర్గ', జహన్నుమ్ 'నెరాక'. మతానికి మాట 'ఆగమ'. ఇవి పండితుల పుస్తకాల్లో మాటలు కావు, మస్జిద్ మైకులో ప్రతి జుమాకూ వినిపించేవి. మన పల్లెల్లో తెలుగే ఇంటి భాషగా ఉన్న ముస్లిం కుటుంబాలు రోజాను 'ఒక్కపొద్దు' అంటే "అట్ల అనొద్దు, రోజా అను" అని పట్నం చుట్టాలు సరిదిద్దడం చాలా ఇళ్లలో జరిగేదే. ఆ మాటతో చిన్నబుచ్చుకున్న నానమ్మలు, నానీలు ఎంతమందో. ఇండోనేషియాలో కోట్ల మంది 'పువాస' అంటూనే రోజా ఉంటున్నారు, వాళ్ల రోజాకు ఏ లోటూ రాలేదు.

ఈ రెండు పొరలూ ఎట్లా కలిశాయంటే దానికి పాత కథ ఉంది. సుమత్రా దీవిలో దొరికిన క్రీ.శ. 683 నాటి కెదుకన్ బుకిత్ శాసనం పాత మలయ్ భాషలో, దక్షిణ భారతపు పల్లవ లిపిలో ఉంది, నిండా సంస్కృతం మాటలే. తర్వాత 13వ శతాబ్దం నుంచి అక్కడి రేవుల్లో ఇస్లాం వ్యాపించింది, అరబీ, ఫార్సీ మాటలు వచ్చాయి. మలయ్‌ను అరబీ అక్షరాల్లో రాసే పద్ధతి కూడా అప్పుడే వచ్చింది, దాన్ని జావి అంటారు. గోల్కొండ నవాబుల కాలంలో మచిలీపట్నం నుంచి అద్దకం బట్టలు ఆ దీవులకే పోయేవి. 1928 అక్టోబర్ 28న యువకులు సమావేశమై దేశమంతటికీ ఒక భాష ఉండాలని ప్రతిజ్ఞ చేసినప్పుడు, ఎక్కువ మంది మాట్లాడే జావనీస్‌ను కాదని ఈ బజారు భాషనే ఎంచుకున్నారు. జావనీస్‌లో పెద్దలకు ఒక భాష, చిన్నలకు ఒక భాష. మలయ్‌లో ఆ పేచీ లేదు, పైగా రేవుల్లో అందరికీ వచ్చు.

తెలిసిన మాటలు మోసం కూడా చేస్తాయి. 'ఇస్త్రి' అంటే బట్టల ఇస్త్రీ కాదు, భార్య. 'సువామి' అంటే భర్త, స్వామి నుంచి వచ్చింది. 'చింత' అంటే దిగులు కాదు, చింతపండూ కాదు, ప్రేమ. ఆత్మకూరు పక్కనున్న అమరచింత పేరు ఇండోనేషియావాళ్లు వింటే ఎవరో ప్రేమికులు కట్టిన ఊరనుకుంటారు. 'నేను' అనడానికి వాడే 'సాయా' మన 'సాయం' ఉన్న సహాయ నుంచే వచ్చింది. మీకు తోడుండేవాడిని, సేవకుడిని అని మర్యాదగా చెప్పుకున్న మాట చివరికి 'నేను' అయింది.

మాటలు ఇంత దగ్గరగా ఉన్నా ఇండోనేషియన్‌లో ఒక వాక్యం కట్టబోతే మన పిల్లలు ఆగిపోతారు. "నేను జూరాల నుంచి ఆత్మకూరుకు వచ్చాను" అనే వాక్యం తీసుకోండి. ఇండోనేషియన్‌లో "సాయా దాతంగ్ దారి జూరాల కె ఆత్మకూర్". అంటే, నేను, వచ్చు, నుంచి, జూరాల, కు, ఆత్మకూరు. క్రియ ముందుకు వచ్చింది. 'నుంచి', 'కు' ఊరి పేరుకు ముందు వచ్చాయి. మొత్తం ఇంగ్లీషు వరస. క్రియకు కాలం గుర్తు ఉండదు, నిన్న వచ్చినా రేపు వచ్చినా 'దాతంగే'. నిన్న, రేపు అనే మాటలు చేర్చుకోవాలి. ఇది మొదట్లో హాయిగానే ఉంటుంది. తర్వాత అసలు పని మొదలవుతుంది. 'అజర్' అనే మూలానికి ముందూ వెనకా ముక్కలు అతికించి 'బెలజర్' అంటే నేర్చుకోవడం, 'మెంగజర్' అంటే నేర్పడం, 'పెలజర్' అంటే విద్యార్థి, 'పెలజరన్' అంటే పాఠం. నిఘంటువులో 'మెంగజర్' వెతకాలంటే 'అజర్' దగ్గరికి పోవాలని తెలిసి ఉండాలి.

అదే వాక్యం కొరియన్‌లో: "నానున్ జూరాల-ఎసొ ఆత్మకూర్-ఎ వస్సొయొ." నేను, జూరాల-నుంచి, ఆత్మకూరు-కు, వచ్చాను. ఒక్క ముక్క అటూఇటూ కాలేదు. ఉర్దూలో "మైఁ జూరాలా సే ఆత్మకూర్ కో ఆయా" అన్నా ఇదే వరస. 'వస్సొయొ' చెవికి 'వచ్చా' లాగే పడుతుంది, అది కాకతాళీయం. వరస మాత్రం ప్రతి వాక్యంలోనూ ఇట్లాగే ఉంటుంది. కొరియన్‌లో క్రియ ఎప్పుడూ చివరే. నుంచి, కు, ని, తో అన్నీ నామవాచకం వెనకే అతుక్కుంటాయి. అమెరికా విద్యార్థి ఆ 2,200 గంటల్లో మంచి భాగం తన బుర్రలో వాక్యాన్ని వెనక్కి తిప్పుకోవడానికే ఖర్చు పెడతాడు. మన పిల్లలకు ఆ తిప్పుడు అక్కర్లేదు.

ఇంకొంచెం లోతుకు పోదాం, ఇక్కడే అసలు మజా ఉంది. "నిన్న వచ్చిన పిల్లాడు" అని తెలుగులో అంటాం. కొరియన్‌లో "ఒజె ఒన్ ఆయి". నిన్న, వచ్చిన, పిల్లాడు. ఇండోనేషియన్‌లో "అనక్ యంగ్ దాతంగ్ కెమరిన్", అంటే పిల్లాడు, ఎవరైతే, వచ్చు, నిన్న. కితాబీ ఉర్దూ కూడా ఇక్కడ "జో లడ్కా కల్ ఆయా" అని వేరే దారి పడుతుంది. కానీ మన ఇళ్లలో కితాబీ ఉర్దూ ఎవరు మాట్లాడుతారు? "కల్ ఆయా సో బచ్చా" అంటాం. అది దక్కనీ. తెలుగు, కన్నడ పక్కన శతాబ్దాలు కాపురం చేసి దక్కనీ నేర్చుకున్న నడక అది.

"వస్తానని చెప్పాడు" అనే వాక్యంలో 'అని' చూడండి. ముందు అతను అన్న మాట, తర్వాత 'అని', తర్వాత 'చెప్పాడు'. దక్కనీలో "ఆతుఁ బోల్కే బోలా". 'బోల్కే' అచ్చంగా మన 'అని'. లక్నోవాళ్లు ఈ 'బోల్కే' విని నవ్వుతారు, సినిమాల్లో హైదరాబాదీ పాత్రలకు ఇదే తగిలించి నవ్విస్తారు. కొరియన్‌లో "ఒందగొ హెస్సొయొ". 'ఒంద' అంటే వస్తా, 'గొ' అంటే అని, 'హెస్సొయొ' అంటే అన్నాడు. ఏ 'బోల్కే'ను తప్పు ఉర్దూ అని మన పిల్లలు పట్నంలో దాచుకుంటారో, ఆ నడకే సియోల్‌లో కళ్లకద్దుకునే వ్యాకరణం. క్లాసులో ఢిల్లీ పిల్లలకు పంతులు పది నిమిషాలు వివరించాల్సిన సంగతి ఇక్కడి పిల్లలకు ఒక్క మాటలో అర్థమవుతుంది.

ఈ పోలిక చూసి మురిసినవాళ్లు ముందే ఉన్నారు. 1886లో కొరియాకు పాఠాలు చెప్పడానికి వెళ్లిన అమెరికన్ హోమర్ హల్బర్ట్ 1905లో కొరియన్‌ను ద్రావిడ భాషలతో పోలుస్తూ ఒక వ్యాకరణమే అచ్చు వేశాడు. రెండూ ఒకే తల్లి బిడ్డలని ఆయన వాదన. అమ్మను 'ఒమ్మా', నాన్నను 'అప్పా' అంటారు కదా అని ఇప్పటికీ వీడియోల్లో చెబుతుంటారు. భాషా శాస్త్రవేత్తలు దీన్ని ఒప్పుకోరు. అమ్మా, అప్పా లాంటివి పసిపిల్లల నోట ముందు పలికే శబ్దాలు, ప్రపంచమంతా ఉన్నవే. చుట్టరికం రుజువు కావాలంటే వందల మూల పదాలు ఒక నియమం ప్రకారం కలవాలి, అట్లా కలవడం లేదు. జపనీస్, టర్కిష్ భాషల్లోనూ క్రియ చివరే వస్తుంది. ఒకే తీరుగా ఇల్లు కట్టినంత మాత్రాన అన్నదమ్ములైపోరు. ఇంటి తీరు తెలిసినవాడికి చీకట్లో తలుపు ఎక్కడుందో తెలుస్తుంది, అంతవరకే ఈ పోలిక ఉపయోగం.

మర్యాదల దగ్గర కూడా కొరియన్ మన ఇంటి లెక్కే. ఉర్దూలో తూ, తుమ్, ఆప్ ఉన్నట్టు, తెలుగులో తిను, తినండి, భోంచేయండి ఉన్నట్టు కొరియన్‌లో తోటివాడికి ఒక క్రియ, పెద్దవాళ్లకు ఇంకో క్రియ. తన అన్నాన్ని 'పప్' అన్నవాడే తాతయ్య ముందు దాన్ని 'జిన్‌జి' అనాలి. అక్క, చెల్లి అని వయసు చూసి పిలుస్తాం కదా, అక్కడ ఇంకో మడత ఉంది. అక్కను చెల్లెలు 'ఒన్ని' అంటుంది, తమ్ముడు 'నునా' అంటాడు. ఇండోనేషియన్‌లో అన్నకూ అక్కకూ ఒకటే మాట 'కాకాక్', తమ్ముడికీ చెల్లికీ 'ఆదిక్'. పెద్దవాళ్లను బాపక్, ఇబు అని వరస కలిపి పిలిస్తే మర్యాద తీరిపోతుంది, క్రియ మారదు.

'మా' సంగతి మరీ ముచ్చట. మనం "మా అమ్మ", "మా ఇల్లు" అంటాం. ఒక్కతే కూతురైనా "నా అమ్మ" అనదు. భార్య "మా ఆయన" అంటే ఎవరూ తప్పు పట్టరు. కొరియన్‌లో 'ఉరి' అంటే మా. "ఉరి ఒమ్మా", "ఉరి చిప్", చివరికి "ఉరి నమ్‌ప్యొన్" అంటే మా ఆయన. ఇంగ్లీషువాళ్లు దీనికి నోరు తెరుస్తారు. కానీ 'మనం', 'మేము' అనే తేడా 'ఉరి'లో లేదు, ఉర్దూ 'హమ్'లోనూ లేదు. ఆ తేడా తెలిసింది ఇండోనేషియన్‌కు. 'కిత' అంటే మనం, 'కమి' అంటే మేము. ఇక్కడ మాత్రం తెలుగు పిల్లలు గెలుస్తారు. ఉర్దూ ఒక్కటే వచ్చినవాళ్లు తడబడతారు.

రాత గురించి భయం అక్కర్లేదు. ఇండోనేషియన్‌ను ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు, రాసినట్టే చదవాలి. కొరియన్ అక్షరాలు చూస్తే డబ్బాల్లో గీతల్లా బెదిరిస్తాయి గానీ అవి చైనా బొమ్మలు కావు. సెజోంగ్ రాజు 1443లో తయారు చేయించి 1446లో ప్రజలకు ప్రకటించిన అక్షరమాల అది, ఇప్పుడు 24 మూల అక్షరాలు. హల్లు పక్కనో కిందో అచ్చు పెట్టి, చివర ఇంకో హల్లు ఉంటే అడుగున చేరుస్తారు. గుణింతం, ఒత్తు తెలిసిన పిల్లలకు ఈ కూర్పు కొత్త కాదు. కష్టమంతా పలకడంలో ఉంది. మామూలు, ఒత్తిన, బిగించిన అని మూడు రకాల క, మూడు రకాల ప ఉంటాయి. ఇంకో కష్టం పదజాలం. నిఘంటువులో సగానికి పైగా మాటలు చైనా మూలం నుంచి వచ్చినవి, మనకు ఒక్కటీ తెలియదు. అంకెలే రెండు వరసలు. మూడున్నర అనాలంటే గంటకు దేశీ అంకె, నిమిషాలకు చైనా అంకె.

ఇక పని మాట. కొత్తకోట దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి కర్నూలు, అనంతపురం దాటితే పెనుకొండ వస్తుంది. అక్కడి ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీని 2019 డిసెంబర్‌లో ప్రారంభించారు. శ్రీసిటీలో ఎల్‌జీ ప్లాంటుకు 2025లో శంకుస్థాపన జరిగింది. కొరియా కంపెనీలు వచ్చిన చోట దుబాసీల అవసరం ఉంటుంది. బీకాం చదివి కొరియన్ వచ్చిన వాళ్లకు లెక్కల విభాగంలో, సరఫరా విభాగంలో చోటు దొరికే వీలుంది.

అయితే "కొరియన్ నేర్చుకుంటే ఫ్యాక్టరీ వీసా మీద కొరియా పంపిస్తాం, లక్షల జీతం" అనే మాట ఎవరైనా చెబితే జేబు గట్టిగా పట్టుకోండి. దక్షిణ కొరియా 2004 నుంచి నడుపుతున్న ఎంప్లాయ్‌మెంట్ పర్మిట్ సిస్టమ్ కింద ఫ్యాక్టరీ, వ్యవసాయ పనులకు విదేశీ కూలీలను తీసుకుంటుంది. అందులో ఇండోనేషియా ఉంది. పాకిస్తాన్, బంగ్లాదేశ్, నేపాల్, శ్రీలంక ఉన్నాయి. భారత్ లేదు. జావా పల్లెల కుర్రాళ్లు కొరియన్ నేర్చుకుని పరీక్ష రాసి పోతున్నారంటే అది రెండు ప్రభుత్వాల ఒప్పందం వల్ల. మన పాస్‌పోర్టుకు ఆ దారి తెరవలేదు. గల్ఫ్ ఏజెంట్ల చేతుల్లో భూములు, నగలు పోగొట్టుకున్న కుటుంబాలు పాలమూరుకు తెలియనివి కావు.

చదువు దారి మాత్రం ఉంది. కొరియా ప్రభుత్వ స్కాలర్‌షిప్ గ్లోబల్ కొరియా స్కాలర్‌షిప్‌లో డిగ్రీకి ముందు ఏడాది భాషా శిక్షణ కూడా ఇస్తారు. ఇండోనేషియా 1974లో మొదలుపెట్టిన స్కాలర్‌షిప్ పేరు 'దర్మసిస్వ'. ధర్మ, శిష్య అని విడదీస్తే అర్థమైపోతుంది. 2020 జాతీయ విద్యా విధానం హైస్కూల్లో నేర్పదగిన విదేశీ భాషల్లో కొరియన్ పేరు రాసింది, ఇండోనేషియన్ పేరు లేదు. హైదరాబాద్‌లో ఇఫ్లూలో కొరియన్ కోర్సులున్నాయి. భాష వచ్చిందనడానికి రుజువు టోపిక్ పరీక్ష. మొదటి పేపరు 200 మార్కులకు, అందులో 1, 2 స్థాయిలు. రెండో పేపరు 300 మార్కులకు, 3 నుంచి 6 స్థాయిలు. కోచింగ్‌వాళ్లు "ఆరు నెలల్లో కొరియన్" అంటే ఏ స్థాయి వరకో ముందే అడిగి తెలుసుకోవాలి. మొదటి స్థాయికీ ఉద్యోగానికి పనికొచ్చే స్థాయికీ మధ్య చాలా దూరం ఉంది.

హజ్‌కు, ఉమ్రాకు పోయేవాళ్లకు ఏ కోచింగూ అక్కర్లేదు. పక్కన కూర్చున్న ఇండోనేషియా పెద్దమనిషిని "అపా కబర్, పాక్?" అని పలకరించండి, ఆడవాళ్లయితే "బు" అనండి. నీళ్లను 'ఆయిర్' అంటారు. ఎవరికైనా తగిలితే "మాఫ్" చాలు. ధన్యవాదాలకు "తెరిమ కసి".